బట్టల బండి మోసిన కబురు

పోయిన వారం మిమ్మల్ని మా వంటింటి గుమ్మంలో వదిలేశాను. బయట జూలై వాన. లోపల మా అమ్మ దోన్యా ఎల్విరా పొయ్యి దగ్గర నిలబడి పిండి రొట్టెలు వేయిస్తోంది. రాష్ట్ర రాజధాని నుంచి వచ్చిన లాయరమ్మ గొడుగు దులిపి లోపలికి అడుగు పెడుతోంది. నాకు ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి.

ఎందుకో మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. చెప్పుకోవడానికి ఇష్టమైన సంగతేం కాదు, కానీ చెప్పకపోతే ఈ వారం కథ నడవదు.

మా ఊరి ఆసుపత్రిలో ప్రసవాల వార్డుకి రెండు రెక్కల తలుపు ఒకటుంది. దానికి అవతల నొప్పులు పడే ఆడవాళ్ళు, ఇవతల బెంచీల మీద వాళ్ళ తాలూకు జనం. నర్సులు బయటికి రారు. డాక్టర్లు అసలే రారు. గంటకోసారి ఆ తలుపు తోసుకుని వచ్చేది నేనూ, నా మురికిబట్టల బండీ. అందుకని పసిబట్టల సంచీ లోపలికి పంపాలన్నా, పుట్టింది ఆడో మగో తెలియాలన్నా నన్నే అడుగుతారు. "బండి ఏమంది?" అనడం మా ఊళ్ళో మామూలు మాట. బండి చెప్పిందంటే పెద్ద డాక్టరు చెప్పినట్టే. పధ్నాలుగేళ్ళలో ఈ జుల్మా ఒక్క కబురు తప్ప తప్పుడు కబురు మోయలేదు.

ఆ ఒక్కటీ మార్చిలో. లోపల నా చెల్లెలు యనీనా. బయట దాని మొగుడు గాస్తోన్, పరానా నదిలో ఇసుక తోడే పడవ మీద పని చేస్తాడు, పడవ దిగి తిన్నగా వచ్చేశాడు, జుట్టు ఇంకా తడిగానే ఉంది. గోడ మీది కాగితం వేలితో చూపించి, "వదినా, కాన్పయ్యే మనిషి కోరితే పక్కన ఒకరు ఉండొచ్చని ఇక్కడ రాసుంది. యనీనాని అడిగి రా" అన్నాడు. లోపల అది గంట నుంచి అతని పేరే అరుస్తోంది. నేను వెళ్ళి దుప్పట్లు మార్చాను. దాన్ని ఏమీ అడగలేదు. బయటికి వచ్చి, "నీ మొహం చూపించొద్దంది" అన్నాను. మూడు రోజుల ముందే ఇద్దరూ పోట్లాడుకున్నారు, పైగా చెప్పింది బండి, నమ్మేశాడు. ఆ రోజు నుంచి మొగుడు రానేలేదని యనీనా, పెళ్ళాం తనని తరిమేసిందని గాస్తోన్. పిల్లని చంకనేసుకుని అది పుట్టింటికి వచ్చింది. అతను ఫోన్ చేస్తే అమ్మ పెట్టేసేది.

ఎందుకు చేశావని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకావిడైతే నన్ను పాము అంది. అనండి, పడతాను. కానీ ఈ వారం పూర్తిగా విన్నాక అనండి.

లాయరమ్మ పేరు లెతీసియా అర్రేచేయా. నలభై ఏళ్ళుంటాయి, బూట్లకి బురద, చేతిలో నీలం అట్ట ఫైలు. ఆడవాళ్ళకి జరిగే అన్యాయాలు చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చింది. అమ్మ ఆమెకి మంచి కుర్చీ తుడిచి వేసింది. యనీనాని పొయ్యి పక్కన కూర్చోబెట్టి నడుముకి దిండు పెట్టింది. పిల్ల మిలాగ్రోస్‌ని దుప్పట్లో చుట్టి దాని ఒళ్ళో పెట్టింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "జుల్మా, మాతే పోయి" అంది.

బుర్రలో ఆకుల మీద వేడినీళ్ళు పోసి వంతులుగా తాగే ఈ మాతేలో మొదటిది ఎప్పుడూ చేదే, అది పోసేవాళ్ళే తాగాలి. మా ఇంట్లో పోసేది ఎప్పుడూ నేనే. తాగేసి, రెండోది లాయరమ్మకిచ్చి, మూడోది యనీనాకి ఇవ్వబోతే అమ్మ నా చేతిలోంచి తీసుకుని, కాస్త చక్కెర వేసి, తనే దానికి అందించింది. పాలిచ్చే పిల్ల కదా, చేదు పడదట. నేను పాలిచ్చే రోజుల్లో ఈ ఇంట్లో చక్కెరే లేదు కాబోలు.

"ఫిర్యాదు తయారైంది. చదువుతాను, తప్పులుంటే ఆపండి" అంది లాయరమ్మ.

చదివింది. ఏం చేస్తున్నారో చెప్పకుండా సూది ఎక్కించారని చదివింది. కాళ్ళు పట్టీలతో కట్టేశారని చదివింది. నేర్చుకునే కుర్రడాక్టర్లు అయిదుగురు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూశారని, ఒక్కడూ పేరు చెప్పలేదని చదివింది. నర్సు ఒకామె స్టూలెక్కి మోచేత్తో కడుపు నొక్కిందని, మత్తు పని చేయకముందే కోశారని, కుట్టారని చదివింది. అరిస్తే, "మొగుడి పక్కలో ఇంత అరిచావా?" అన్నారని చదివింది.

అమ్మ మూతి మీద వంటబట్ట నొక్కుకుని ఏడుస్తోంది. నేను వేడినీళ్ళు వొలకబోసుకున్నాను. ఎవరూ చూడలేదు.

మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా ఒంటి మీద జరిగిన దాన్ని ఎవరో నా చెల్లెలి పేరుతో చదువుతున్నారు. పట్టీలు నావి. మోచెయ్యి నాది. ఆ మాట కూడా నాదే, ఒక్క అక్షరం మారలేదు, పదిహేనేళ్ళుగా ఆ వార్డులో ఆ మాటే తిరుగుతోంది. కానీ నాకు జరిగినప్పుడు అది కాన్పు. దానికి జరిగితే కేసు.

"దీనికి చట్టంలో పేరుంది దోన్యా ఎల్విరా" అంది లాయరమ్మ. "రెండువేల తొమ్మిదిలో వచ్చింది. ప్రసూతి హింస అంటారు. కాన్పు సమయంలో ఆసుపత్రివాళ్ళు ఆడమనిషిని మనిషిలా చూడకపోతే అది హింసేనని రాశారు."

"పేరు కూడా పెట్టారా తల్లీ" అంది అమ్మ, యనీనా తల నిమురుతూ. "నా బంగారానికి జరిగినదానికి పేరు కూడా ఉందన్నమాట."

నా కడుపు మండిపోయింది. దానికి చిన్నప్పటి నుంచీ అన్నీ ఉన్నాయి. నా తర్వాత పదకొండేళ్ళకి పుట్టి, నేను కట్టి విప్పిన బట్టలు దానికి వద్దు, కొత్తవి కావాలి. నేను చదువు మానేస్తే అది చదివింది. నా మొగుడు నాకు నాలుగో నెలలోనే పారిపోతే, దాని మొగుడు తలుపు ముందు ఆరు గంటలు నిలబడ్డాడు. ఇప్పుడు చివరికి నొప్పులు కూడా దానివే గొప్పవి, ప్రభుత్వం వాటికి పేరు పెట్టి కాగితం మీద రాసింది.

లాయరమ్మ నా వైపు తిరిగింది. "మీరు కూడా అక్కడే కన్నారా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "జుల్మాదా? దానిది సులువు కాన్పమ్మా. చప్పుడే లేదు. మర్నాడు లేచి తన బట్టలు తనే ఉతుక్కుంది. దాని ఒళ్ళు గట్టిది. యనీనాదే సున్నితం."

నేను మాతే బుర్రని బల్ల మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను.

"పంతొమ్మిది గంటలు" అన్నాను.

"ఏమిటే?" అంది అమ్మ.

"నా సులువు కాన్పు. పంతొమ్మిది గంటలు. నా చేతులు కూడా కట్టేశారు, యనీనాకి కాళ్ళే కట్టారు. నాకు మత్తు సూది తేవడం మరిచిపోయారు, తెచ్చేదాకా ఆగలేదు. మొగుడి పక్కలో ఇంత అరిచావా అని అడిగారు నన్ను కూడా. మొగుడు లేడని చెబితే, అందుకే అరుస్తోంది అని నర్సులిద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఇక నోరెత్తలేదు. నీకు చప్పుడు వినపడలేదంటే అందుకే."

రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. అమ్మ కదల్లేదు.

"నువ్వు నాకు చెప్పలేదు" అంది.

"నువ్వు అడగలేదు. నువ్వసలు రాలేదు."

"ఆ రోజు యనీనాకి ఆటలమ్మ పోసింది. తొమ్మిదేళ్ళ పిల్లని జ్వరంతో వదిలి ఎలా వస్తాను?"

"అవును. యనీనాకి ఆటలమ్మ" అన్నాను. "పదిహేనేళ్ళయినా ఎంత బాగా గుర్తుందో నీకు. మూడు రోజుల తర్వాత వచ్చి, బాబు రంగు తక్కువ అన్నావు. నాకు అది గుర్తుంది."

అమ్మ కుర్చీ వెతుక్కుంది. లాయరమ్మ పెన్ను ఎత్తి పట్టుకుని ఉంది, రాయడం లేదు. యనీనా పిల్లని అమ్మ ఒళ్ళో పెట్టేసి లేచి నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టిందో, మొహమంతా తడిగా ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వు రోజూ ఆ తలుపు తోసుకుని ఎలా వెళ్తున్నావే? ఆ మంచాల దుప్పట్లే ఉతుకుతూ?"

నన్ను ఇలాంటి మాట అడిగిన మనిషి ఇంతవరకూ లేదు.

"మేడమ్" అంది అది లాయరమ్మతో. "ఇందులో మా అక్క పేరు కూడా రాయండి. నా పేరుకి పైన రాయండి. ముందు జరిగింది దానికే కదా."

"ఆ రోజుల్లో ఈ చట్టం లేదు. ఆమె కేసు నడవదు" అంది లాయరమ్మ. "కానీ సాక్ష్యంగా చాలా బరువుంటుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పదిహేనేళ్ళ తేడా, అవే పట్టీలు, అవే మాటలు. ఎవరో ఒక నర్సుకి ఆ రోజు కోపమొచ్చి చేసిన పని కాదని తేలిపోతుంది. మీరు సంతకం పెడతారా జుల్మా? అక్కడ ఉద్యోగం చేసుకుంటూ?"

"పెడతాను" అన్నాను.

అమ్మ పిల్లని భుజాన వేసుకుని లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. వేసి అలాగే ఉంచింది. నా వయసు ముప్ఫయ్యయిదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు గాస్తోన్ గుర్తు రాలేదు, బండి గుర్తు రాలేదు, చేసిన పాపం గుర్తు రాలేదు. కడుపులో పదిహేనేళ్ళ మంట చల్లారింది. అమ్మ మాడిన రొట్టె తీసేసి, చక్కెర వేసి నాకొక మాతే పోసింది. పోసింది అమ్మ, తాగింది నేను. తర్వాత ఆ చెయ్యి మళ్ళీ నా తల మీదికే వచ్చింది.

అంతా అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది.

"ఇంకొక్క అంశం" అంది లాయరమ్మ కాగితం తిప్పుతూ. "నిజానికి మన చేతిలో అన్నిటికంటే గట్టిది ఇదే. తోడు మనిషిని లోపలికి రానివ్వకపోవడం. పట్టీలు కట్టలేదని వాళ్ళు బొంకొచ్చు, మత్తు ఇచ్చామనొచ్చు. ఇది మాత్రం బొంకలేరు."

"మా ఆయన రానేలేదండీ" అంది యనీనా. "వస్తే కదా ఆపడానికి."

"వచ్చాడు. గేటు కాపలా ఆయన చెప్పాడు. ఆరు గంటలు ఆ తలుపు ముందే ఉన్నాడట. ఎవరో లోపలి నుంచి వచ్చి ఏదో చెప్పాక, తల దించుకుని వెళ్ళిపోయాడట."

యనీనా చేతులు మళ్ళీ నా చేతుల్లోనే ఉన్నాయి. అవి వేడెక్కడం నాకు తెలిసింది. "వచ్చాడా?" అంది. మళ్ళీ, "ఆరు గంటలా?" అంది. నాలుగు నెలలుగా చచ్చిపడి ఉన్న మొహం, ఒక్కసారిగా పదహారేళ్ళ పిల్ల మొహం అయిపోయింది.

చల్లారిందన్నానే, అది చల్లారలేదు. ఆ మొహం చూడగానే మళ్ళీ రగిలింది. నా పేరు పైన రాయమన్న పిల్ల, నిమిషం తిరక్కుండా నన్ను మరిచిపోయి మొగుడి గురించి వెలిగిపోతోంది. దానికి పోయినవి కూడా తిరిగొస్తాయి. నాకు తిరిగొచ్చేవాడెవడు?

"అతన్ని ఆపింది ఎవరో తెలియాలి" అంది లాయరమ్మ. "డాక్టరు కానివ్వండి, నేల తుడిచే మనిషి కానివ్వండి, ఆసుపత్రి కోటు వేసుకున్నవాళ్ళయితే చాలు, వాళ్ళ పేరు ఈ ఫిర్యాదులో రాస్తాను. నిన్న గాస్తోన్‌కి ఫోన్ చేశాను. నాలుగింటి బస్సుకి వస్తున్నాడు."

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. బాత్రూమ్‌కి వెళ్ళొస్తానని లేవబోయాను. యనీనా చెయ్యి వదల్లేదు. "ఉండక్కా, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అంది. తలుపు చప్పుడైంది.

గాస్తోన్ బక్కచిక్కాడు. గుమ్మంలోనే నిలబడి బూట్లు విప్పాడు, అమ్మ నేల పాడవుతుందని. మేజోళ్ళకి చిల్లులు. అమ్మ భుజం మీద ఉన్న పిల్లని చూసి, చూపు తిప్పుకోవడం చేతకాక, అక్కడే ఉండిపోయాడు. సొంత కూతుర్ని చూడడం అదే మొదటిసారి.

"కూర్చోండి" అంది లాయరమ్మ. "మీరు ఆ రోజు లోపలికి వెళ్తామన్నప్పుడు మిమ్మల్ని ఎవరు ఆపారు?"

"ఎవరూ ఆపలేదండీ" అన్నాడు గాస్తోన్. "యనీనానే వద్దంది. నా మొహం చూపించొద్దని కబురు పంపింది."

"నేనా?" అంది యనీనా. "నేను కబురు పంపానా? నీ పేరు అరిచి అరిచి నా గొంతు పోయింది గాస్తోన్. నాలుగు రోజులు మాట రాలేదు. నీకు ఆ కబురు ఎవరు తెచ్చారు?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే నాకు భరించలేనిది. నాకు తెలిసే ఉంటుందిగా, నేనే చెప్పేస్తానుగా అన్నట్టు చూశాడు. "బండి" అన్నాడు. "వదినే తెచ్చింది. అడుగు."

యనీనా నా మొహంలోకి చూసింది. నమ్మలేదు, నేనంటే దానికి ఇప్పుడే కొత్తగా పుట్టిన ప్రేమ, అది నమ్మనివ్వలేదు. "అక్కా, అబద్ధమాడుతున్నాడు కదూ?" అంది.

ఒప్పుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఫిర్యాదులో అన్నిటికంటే గట్టి అంశం కింద నా పేరు ఎక్కుతుంది, ఆ స్టూలెక్కిన నర్సు పేరు పక్కన. ఉద్యోగం పోతుంది. అది పోయినా బతకొచ్చు. కానీ నా తల మీద నుంచి అమ్మ చెయ్యి పోతుంది, ఈ చేతుల్లోంచి యనీనా చేతులు పోతాయి. ఆ చేతులు వచ్చి గంట కూడా కాలేదు. లాయరమ్మ పెన్ను కాగితం మీద ఆన్చి, "చెప్పండి జుల్మా, మీరేమంటే అదే రాసుకుంటాను" అంది.

"నేను ఏ కబురూ తేలేదు" అన్నాను. "ఆ రోజు అతన్ని చూడనేలేదు."

లాయరమ్మ రాసుకుంది. గాస్తోన్ కేకలేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. బూట్ల కోసం వంగినవాడు మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"చూడలేదా వదినా? మరి ఆ రోజు సాన్ రమోన్ బిళ్ళ నీ చేతిలో ఎవరు పెట్టారు? మా అమ్మ పంపింది. నొప్పులప్పుడు గుప్పిట్లో పట్టుకోమని యనీనాకి చెప్పమన్నాను. నువ్వు కోటు జేబులో వేసుకున్నావు."

ఈ సంగతి మీకు కూడా చెప్పలేదు. చెబితే ఇంకెవరూ నా వైపు ఉండరని చెప్పలేదు. నిజమే, కాన్పుల దేవుడి బిళ్ళ, అరిగిపోయిన వెండిది, నీలం దారం కట్టి ఉంది. లోపలికి తీసుకెళ్ళాను. యనీనా చెయ్యి మంచం ఊచని పట్టుకుని తెల్లబడిపోయి ఉంది. ఆ చేతిలో పెట్టడం ఎంతసేపు? పెట్టలేదు. నా గుప్పిట్లో ఎవరూ ఏదీ పెట్టలేదు కదా అనిపించింది, ఇంటికి తెచ్చుకున్నాను. వెనక గదిలో నా సొరుగులో, దిండు గలీబుల కింద ఉంది. ఎప్పుడైనా నిద్ర పట్టకపోతే తీసి పట్టుకుంటాను. ఆ గదిలోకి ఎవరూ రారు. అమ్మ అయితే నా గది గడప తొక్కి ఏళ్ళయింది, నా వస్తువుల వైపు కన్నెత్తి చూడదు. అదే నా ధీమా.

"ఏ బిళ్ళ?" అంది యనీనా. "నాకెవరూ ఏ బిళ్ళా ఇవ్వలేదు."

"బిళ్ళా లేదు, ఏమీ లేదు" అన్నాను. "కట్టుకథలు చెబుతున్నాడు."

నా తల మీది చెయ్యి లేచింది. అమ్మ నన్ను దాటుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట ఆర్పేసింది. మా ఎవరి వైపూ తిరక్కుండా, గోడ వైపు మొహం పెట్టి అడిగింది.

"గాస్తోన్, ఆ బిళ్ళకి నీలం దారం కట్టి ఉంటుందా?"